పాతిక మిల్లీమీటర్లు

ఉర్మస్ కారు డిక్కీలోంచి దాన్ని దించాడు,
పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులా.
నీలం పెట్టె, చిన్న తెర, మెత్తటి మీటలు.
"ఇంకా ఆ రాడ్లతో తిప్పలెందుకు వదినా?
తుపాకీ నొక్కు, తీగ అదే వస్తుంది.
కుట్టుమిషన్ తొక్కినంత తేలిక."

కుట్టుమిషన్ నాకూ ఉంది.
దానితో గుర్రం జీను కుట్టను.

నా ముందున్నది రేకు కాదు.
దుంగలు చీల్చే యంత్రపు మొన,
పాతిక మిల్లీమీటర్ల ఉక్కు మీద పాతిక మిల్లీమీటర్ల ఉక్కు.
దాని వెనక పన్నెండు టన్నుల తోపుడు,
దాని ముందు ముళ్ళు పడిన బర్చి దుంగ,
పక్కన నా ఎడమ చెయ్యి.
గత శీతాకాలం పాత మొన ఊడి
కొట్టం తలుపు చీల్చుకుని పోయింది.
ఆ చిల్లుకి గోనెపట్టా కొట్టాను, గాలికి ఇంకా కొట్టుకుంటోంది.

హీయుమా దీవిలో అక్టోబరు.
సముద్రం మీది గాలి పెరట్లోకి రావడానికి అడగదు.
మొదటిసారి తుపాకీ నొక్కగానే
కాపలా కాయాల్సిన గ్యాసుని ఊదేసింది.
అతుకంతా తేనెపట్టు కన్నాలు.
లోపలికి జరిగాం. వంటింటి ప్లగ్గు.
మీట చివరిదాకా తిప్పాడు.
టప్.
ఇల్లంతా చీకటి, అత్తగారి రేడియో వార్తల మధ్యలో మూగబోయింది.
పై గదిలోంచి ఆవిడ ఏదో అన్నారు.
ఇద్దరం వినపడనట్టు ఊరుకున్నాం.

మీట కాస్త తగ్గించి ఒక ముక్క అతికాడు.
ఒప్పుకోవాలి, అందంగా ఉంది.
నాణేలు వరసగా పేర్చినట్టు, వెండి మెరుపు.
"చూశావా," అన్నాడు.
చూశాను.

ఇరవై రెండేళ్ళప్పుడు లోక్సా ఓడల యార్డులో
లైదా అనే మేస్త్రి కింద పనిచేశాను.
బొద్దు మనిషి, కనుబొమలు ఎప్పుడో కాలిపోయాయి.
అందమైన అతుకు కనిపిస్తే చాలు, సుత్తి అడిగేది.

నేనూ సుత్తి తెచ్చాను.

ముక్కని పట్టకారలో బిగించి ఒక్కటే దెబ్బ.
పలకలు విడిపోయాయి, అలిగిన తోడికోడళ్ళలా.
లోపల చూస్తే ఉక్కు మీది నీలిపొర చెక్కు చెదరలేదు.
పైన పటారం, లోన లొటారం.
ఇంత మందాన్ని కరిగించే వేడి ఆ పెట్టెకి లేదు.
తీగ వచ్చి పక్కన కూర్చుంది, అంతే.
ఉర్మస్ ముక్క తిప్పి తిప్పి చూశాడు.
"కెటిల్ పెట్టనా?" అన్నాడు.

కొట్టంలో మూడు ఫేజుల లైనుంది.
సామూహిక క్షేత్రం మూసేసిన ఏడు
మా ఆయన సారా సీసాకి మారుబేరం చేసిన రెక్టిఫైయరుంది,
ఆవుదూడంత బరువు, దూడలాగే మొండిది.
రొట్టెలు తీసేశాక అదే పొయ్యిలో రాడ్లు పెట్టాను.
తడి రాడ్డు అబద్ధం చెబుతుంది,
ఆ అబద్ధం మర్నాడు రాత్రి, చల్లారాక, పగులుగా బయటపడుతుంది.
గ్రైండరుతో అంచుల్ని ఏటవాలుగా చెక్కాను.
టార్చితో పలకల్ని కాచాను,
వేలితో చిలకరించిన చుక్క చుయ్యిమనేదాకా.
అప్పుడు ముసుగు దించాను.

మొదటి వరస అడుగున, సన్నగా.
స్లాగు కొట్టు, బ్రష్షు వెయ్యి, చూడు.
రెండో వరస. కొట్టు, బ్రష్షు.
మూడు. నడుం పట్టేసింది.
నాలుగో వరసకి స్లాగు
తనంతట తానే పామకుబుసంలా లేచింది.
ఐదు, ఆరు. మధ్యలో చల్లారనివ్వలేదు,
టీ అక్కడే చల్లారిపోయింది.
చివరి వరస వంకరగా పోయింది, వాంతి చేసుకున్న గొంగళిపురుగులా ఉంది.
చేతులు వణుకుతున్నాయి, యాభై నాలుగేళ్ళ చేతులు.

దానితోపాటు అతికిన నమూనా ముక్కని
ఉర్మస్ తానే బిగించాడు, తానే కొట్టాడు.
పదకొండు దెబ్బలు లెక్కపెట్టాను.
పలక వంగింది.
అతుకు దానితోపాటు వంగింది, విడవలేదు.
చెమట తుడుచుకుని, "అసహ్యంగా ఉంది వదినా," అన్నాడు.
అవునన్నాను.

వెళ్ళేటప్పుడు నీలం పెట్టె ఎత్తబోతే వద్దన్నాను.
పోస్టుడబ్బా మూత తుప్పుపట్టి ఊగుతోంది,
ఒకటిన్నర మిల్లీమీటర్ల రేకు.
దాని మీద రాడ్డు పెడితే మిగిలేది కన్నమే.
"ఆదివారం దాకా ఉంచు," అన్నాను.
పై గదిలో రేడియో మళ్ళీ మొదలైంది,
ఓడల కోసం గాలి వేగం చెబుతున్నారు.